నెల జీతం గెలిచిన రాజ్యాలు

సందేహాలు - సమాధానాలు

కిందటి నెల ఈ శీర్షికలో ప్లాసీ యుద్ధం గురించి రెండు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు తిప్పి తిప్పి ఒక్కటే అడుగుతున్నాయి: ఎక్కడో చలిదేశాల నుంచి ఓడలెక్కి వచ్చిన కొద్దిమంది ఇన్ని దేశాలను ఎలా ఏలగలిగారు? అందుకని ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి, సంచిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఐరోపావాళ్ల దగ్గర తుపాకులు, ఫిరంగులు ఉన్నాయి కాబట్టి గెలిచారని మా పుస్తకంలో ఉంది. 1526లో పానిపట్టు దగ్గర బాబరు ఫిరంగులు వాడాడని అదే పుస్తకంలో ఇంకో పాఠంలో ఉంది. ఏది నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: రెండో పాఠం నమ్మమ్మా. ఫిరంగి ఐరోపావాళ్ల సొత్తు కాదు. మందుగుండు పుట్టింది చైనాలో. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు కూల్చింది తురుష్కుల ఫిరంగులు. దక్కనులో బహమనీ సుల్తానుల కాలానికే అవి వచ్చేశాయి. వాళ్ల దగ్గర ఉంది, మన దగ్గర లేదు అనే లెక్క ఇక్కడ కుదరదు.

తేదీలు చూడు. వాస్కో డ గామా కోళిక్కోడు చేరింది 1498లో. ప్లాసీ 1757లో. మధ్యలో 259 ఏళ్లు. తుపాకీ చేతిలో ఉంటే చాలనుకుంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగినట్టు? గామా అక్కడి జామొరిన్ రాజుకు తీసుకెళ్లిన కానుకలేమిటో తెలుసా? చారల గుడ్డలు, టోపీలు, పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్లేలు, చక్కెర, నూనె, తేనె. కొలువులో వాళ్లు పగలబడి నవ్వారు. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడైనా ఇంతకంటే మంచివి తెస్తాడన్నారు. మనవాళ్లకు అమ్మదగ్గ సరుకు వాళ్ల దగ్గర లేదు. మిరియాలు, బట్టలు కావాలంటే వెండి పోయాల్సిందే.

సముద్రం మీద మాత్రం సంగతి వేరు. అట్లాంటిక్ అలలకు తట్టుకునేలా కట్టిన ఓడ మీద వరసగా ఫిరంగులు బిగించుకుని వచ్చారు పోర్చుగీసువాళ్లు. హిందూ మహాసముద్రంలో తిరిగేవి ఎక్కువగా వర్తకుల ఓడలు; వాటికి అలాంటి పోరు అలవాటు లేదు. 1509లో డయ్యూ దగ్గర ఈజిప్టు, గుజరాతు, కోళిక్కోడు ఓడలు కలిసి వచ్చినా ఓడిపోయాయి. 1510లో గోవా, మరుసటి ఏడు మలక్కా పోయాయి. ఆపైన సముద్రం మీద తిరగాలంటే పోర్చుగీసు చీటీ కొనాలి. 1613లో ఏకంగా జహంగీర్ తల్లి ఓడనే పట్టుకుపోయారు. భూమి శిస్తు మీద బతికే మొగలు పాదుషాకు సముద్రం అంత పట్టింపు కాదు. అది వాళ్లకు కలిసొచ్చింది.

కానీ ఓడ దిగి నేల మీదికి వస్తే వంగి నిలబడాల్సిందే. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఏడాదికి 500 వరహాలు కట్టి వ్యాపారం చేసుకోండని ఫర్మానా ఇస్తే కళ్లకద్దుకున్నారు. 1686లో బుద్ధి గడ్డితిని ఔరంగజేబుతో కయ్యం పెట్టుకున్నారు; 1690లో క్షమాపణ చెప్పి లక్షన్నర రూపాయల జుర్మానా కట్టారు. 1741లో తిరువాన్కూరు మార్తాండవర్మ కొలచెల్ దగ్గర డచ్చివాళ్లను ఓడించి, పట్టుబడిన వాళ్ల అధికారి డి లనోయ్‌ని తన సేనకే శిక్షకుడిగా పెట్టుకున్నాడు. కాబట్టి నువ్వు వెతకాల్సింది 1498లో కాదు, 1740 తర్వాత ఏం మారిందో అక్కడ. దానికి కింది ఉత్తరం అక్కరకొస్తుంది.

ప్రశ్న: కారణం ఒక్కటే. మనలో ఐకమత్యం లేదు, మీర్ జాఫర్ లాంటి ద్రోహులున్నారు. సర్వీసంతా పిల్లలకు ఇదే చెప్పాను. మీరు అనవసరంగా చుట్టూ తిప్పుతున్నారు.
– విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీర్ జాఫర్‌ను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ ఐకమత్యం లేనివాళ్లు ఓడిపోతారంటే, ముందు మట్టి కొట్టుకుపోవాల్సింది ఐరోపాయే. 1500 నుంచి 1800 దాకా అక్కడి పెద్ద రాజ్యాలు ఒకదానితో ఒకటి యుద్ధంలో ఉన్న ఏళ్లే ఎక్కువ. 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్లు కొట్టుకుని జర్మన్ ఊళ్లను వల్లకాడు చేసుకున్నారు. ఆ కొట్లాటలే వాళ్లకు బడి. ఒక రాజు కొత్త ఫిరంగి పోత పోయిస్తే పక్క రాజు వెనకబడలేడు. ఒకడు కాదన్నవాణ్ణి ఇంకొకడు చేరదీస్తాడు. కొలంబస్‌ను పోర్చుగల్ పొమ్మంటేనే కదా స్పెయిన్ తలుపు తట్టాడు.

ఇక ‘మనం’ అంటున్నారే, 1757లో ఆ మనం ఎవరు? ఆ ఏడు జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చింది విజయనగరం పూసపాటి విజయరామరాజు. ఆయన కంటికి శత్రువు బొబ్బిలి రంగారావు. బుస్సీ నిజాం తరఫున వచ్చిన సర్దారు, అంతే. తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును చంపాక గద్దెనెక్కిన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో చెడింది. ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. కలకత్తా నుంచి, ప్లాసీ గెలిచిన క్లైవు పంపగా కర్నల్ ఫోర్డ్ విశాఖలో దిగాడు. 1758 డిసెంబరులో, గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో, ఫ్రెంచివాళ్లు చిత్తయ్యారు. ఇందులో దేశద్రోహం ఎవరిది? ఎవరి రాజ్యం వాళ్లు కాపాడుకుంటున్నారు.

అసలు సంగతి చందుర్తి తర్వాత మొదలవుతుంది. గెలిచిన ఫోర్డ్ కదలలేకపోయాడు. పటాలం ఖర్చు భరిస్తానన్న రాజు డబ్బు ఇదిగో అదిగో అంటూ జరిపాడు. మచిలీపట్నం కోట ముందుకొచ్చేసరికి తెల్ల సోల్జర్లే తిరగబడ్డారు, రావాల్సిన సొమ్ము రాందే తుపాకీ పట్టమని. ఫోర్డ్ వాళ్లను ఎలాగో బుజ్జగించి 1759 ఏప్రిల్‌లో రాత్రివేళ దాడి చేసి కోట పట్టాడు. అటు మద్రాసును ముట్టడించిన ఫ్రెంచి సేనాని లాలీ జీతాలివ్వలేక, ఓడల సాయం అందక అప్పటికే వెనుదిరిగాడు. అంతకుముందు 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను బుస్సీ చేతిలో పెట్టింది కూడా ఫ్రెంచి పటాలం జీతాల కిందే. ఎక్కడ చూసినా జీతాల గొడవే కనిపిస్తుంది మాస్టారూ. కత్తుల కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి గనక మనం ఈ బత్తెం లెక్కలు చదవం.

జీతానికి ఎందుకంత విలువ వచ్చింది? 1746లో అడయారు ఏటి ఒడ్డున ఆర్కాటు నవాబు కొడుకు మహఫుజ్ ఖాన్ పదివేల సేనను సుమారు వెయ్యి మంది ఫ్రెంచి పక్షంవాళ్లు తరిమేశారు. ఆ వెయ్యిలో ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలే. రక్తంలో తేడా లేదు, కవాతులో ఉంది. వరసలో నిలబడాలి, ఆజ్ఞ పడగానే అందరూ ఒక్కసారి కాల్చాలి, ఎదురుగా గుర్రాలు దూసుకొస్తున్నా చేయి వణక్కుండా మళ్లీ మందు దట్టించాలి. రోజూ సాధన ఉంటే తప్ప ఇది రాదు. రోజూ సాధన చేయించాలంటే యుద్ధం లేని నెలలో కూడా జీతం ఇవ్వాలి. మన రాజుల సేనలు చాలావరకు జాగీరుదార్లు, పాలెగాళ్లు వెంట తెచ్చినవి. జీతాలు నెలల తరబడి బకాయి. ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ పుణ్యాత్మురాలని కాదు. దాని సిపాయిలూ తిరగబడ్డారు. 1780లో విశాఖలో ఓడ ఎక్కమన్నందుకే తిరగబడ్డారు. కానీ మొత్తం మీద నెలకింత అని చేతిలో పెట్టే యజమాని దగ్గరికే సిపాయి పోయాడు. మద్రాసు నుంచి క్లైవు తీసుకెళ్లిన సిపాయిలను బట్టే ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం ‘తిలంగా’ అన్నారు. ప్లాసీలో అతని వైపు నిలబడ్డవాళ్లలో మూడింట రెండొంతులు సిపాయిలు.

మరి కంపెనీకి, దాని వెనకున్న ఇంగ్లండుకు ఆ డబ్బు ఎలా పుట్టింది? నన్నడిగితే మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉంది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టినప్పుడు అది ప్రభుత్వానికి 12 లక్షల పౌన్లు 8 శాతానికి అప్పిచ్చింది. 1757 నాటికి బ్రిటిషు ప్రభుత్వపు స్థిర రుణపత్రాల మీద వడ్డీ 3 శాతానికి దిగింది. మన లెక్కలో పావలా వడ్డీ! అదే కాలంలో ఆర్కాటు నవాబు మహమ్మదలీ కంపెనీ ఉద్యోగుల దగ్గరే 20 శాతానికి, ఆ పైన కూడా అప్పులు చేశాడు. ఆ అప్పుల బాగోతం మీద 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిషు పార్లమెంటులో గంటల తరబడి దుమ్మెత్తిపోశాడు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల శిస్తు ఆ అప్పులకే ఆవిరై, చివరికి 1801లో రాజ్యమే కంపెనీ పరమైంది.

ఒకడికి పావలా, ఒకడికి రెండు రూపాయలు ఎందుకు? 1688 తర్వాత ఇంగ్లండులో అప్పు రాజుగారి సొంత అప్పు కాదు. పార్లమెంటు పూచీ పడుతుంది, పన్ను వేసి తీరుస్తుంది. అప్పిచ్చిన షావుకార్ల మనుషులే ఆ పార్లమెంటులో కూర్చుంటారు. రాజు పోతే అప్పు పోదు. ఇక్కడ రాజు కన్నుమూస్తే కొడుకులు, తమ్ముళ్లు గద్దె కోసం తన్నుకుంటారు. ఎవడు గెలుస్తాడో, పాత పత్రాన్ని ఒప్పుకుంటాడో లేదో. ఆ భయానికి కూడా షావుకారు వడ్డీ వేసుకుంటాడు. బెంగాలు నవాబు సిరాజుద్దౌలా తమ సొమ్ము దక్కనివ్వడనుకున్న షావుకార్లు జగత్ సేఠ్‌లు కంపెనీ పక్కకు జరిగింది ఈ లెక్కతోనే. నిజాముతో మంతనాలు నడిపి సర్కారులను కంపెనీకి ఇప్పించడంలో చేయి వేసిన కాండ్రేగుల జోగిపంతులూ మన గోదావరి సీమవాడే. 1766 ఒప్పందంలో ఏడాదికి 9 లక్షల రూపాయల లెక్కన సర్కారులు చేతులు మారాయి.

1765లో బెంగాలు దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, కంపెనీకి దక్కాక కథ మారిపోయింది. రైతు కట్టే శిస్తే సిపాయి జీతం. ఆ సిపాయే పక్క రాజ్యం గెలుస్తాడు, అక్కడి శిస్తుతో ఇంకో పటాలం. నిజాం 1798లో ఇంగ్లీషు పటాలాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ ఖర్చు కిందే బళ్ళారి, అనంతపురం, కడప సీమలు రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. నిజాముతో ఒక్క యుద్ధం కూడా చేయకుండా రాయలసీమ కంపెనీ ఖాతాలో పడింది.

ప్రశ్న: స్పెయిన్‌వాళ్లు 168 మంది వెళ్లి ఇంకా సామ్రాజ్యాన్ని పడగొట్టారని చదివాను. అక్కడ జీతాలు, బ్యాంకులు ఏవీ లేవు కదా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మంచి మెలికే పెట్టారు. అమెరికా ఖండాల కథకూ ఆసియా కథకూ పొంతన లేదు. అక్కడ ముందు నడిచింది మశూచి. వేల ఏళ్లుగా మిగతా ప్రపంచంతో రాకపోకలు లేని జనం వాళ్లు. పశువుల మధ్య బతికిన ఐరోపా, ఆసియా జనాలకు తరతరాలుగా పరిచయమైన మశూచి, తట్టు వాళ్లకు కొత్త. కోర్తెజ్ 1519లో మెక్సికోలో దిగాడు. మరుసటి ఏడు రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లో మశూచి పుట్టి కొత్త చక్రవర్తి క్వితలావాక్‌నే తీసుకుపోయింది. 1521 ఆగస్టులో నగరం పడింది. పడగొట్టినవాళ్లలో స్పెయిన్‌వాళ్లు వందల్లో ఉంటే, అజ్టెక్‌ల పెత్తనం భరించలేక చేరిన త్లాస్కాల తదితరులు వేలకు వేలు. పుస్తకాల్లో వీళ్ల పేరు అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఇంకాల పెరూలో మీరన్న 168 మందితో పిజారో అడుగుపెట్టేనాటికి అన్నదమ్ములు అతహువాల్ప, హువాస్కర్ గద్దె కోసం కొట్టుకుని అప్పుడే అలసి ఉన్నారు. 1532 నవంబరులో కహమార్కా చౌకులో పిజారో మాటువేసి అతహువాల్పను బంధించాడు. గుర్రం, ఉక్కు కత్తి ఎరగని జనం కకావికలయ్యారు. విడిపిస్తామని గది నిండా బంగారం పోయించుకుని, ఆ తర్వాత చంపేశారు. రాజు చేతిలో అంతా ఉండే రాజ్యంలో రాజు దొరికితే అంతా దొరికినట్టే.

నూట పాతికేళ్లు తిరిగేలోగా ఆ ఖండాల జనాభా ఏ పదో వంతుకో పడిపోయిందని చాలామంది చరిత్రకారుల అంచనా. ఇలాంటిది ఆసియాలో జరగలేదు. ఆ రోగాలు మనకూ పాతవే. అయితే ఒక ముడి ఉంది. 1545లో పొతోసి కొండలో వెండి బయటపడింది. గనుల్లోకి దిగి చచ్చింది అక్కడి జనం, ఆ వెండి ప్రవాహంగా వచ్చి చేరింది చైనా, భారతదేశాలకు. మన నేతగాళ్ల బట్టకు ఐరోపా వర్తకులు చెల్లించిన వెండిలో ఎక్కువ భాగం పుట్టిన ఊరు అదే.

ప్రశ్న: ఆఫ్రికా ఐరోపాకు పక్కనే ఉంది. దాన్ని ఆఖర్న ఎందుకు పట్టుకున్నారు?
– మందుల దుకాణం యజమాని, నల్గొండ

జవాబు: మీ దుకాణంలోనే జవాబుంది: మలేరియా. పశ్చిమాఫ్రికా రేవుల్లో దిగిన తెల్లవాళ్లు ఈగల్లా రాలిపోయేవారు. అందుకే శతాబ్దాల తరబడి ఒడ్డున కోటలు కట్టుకుని, లోపలి రాజ్యాల వాళ్లు తెచ్చి అమ్మిన మనుషులను ఓడల్లో కుక్కి అట్లాంటిక్ దాటించడంతోనే సరిపెట్టుకున్నారు. 1820లో సింకోనా బెరడు నుంచి క్వినైన్ వేరుచేశారు. 1854లో బైకీ అనే వైద్యుడు క్వినైన్ ఇస్తూ నైజర్ నది మీద ఓడ నడిపి, జ్వరానికి ఒక్కరినీ పోగొట్టుకోకుండా తిరిగొచ్చాడు. ఆపైన ఆవిరి ఓడ, 1884 నాటి మాక్సిమ్ మరఫిరంగి తోడయ్యాయి. 1870ల్లో ఆఫ్రికాలో పదో వంతు వాళ్ల చేతిలో ఉంటే 1914కి పదింట తొమ్మిదొంతులు. 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ దగ్గర ఒక్క పూటలో పదివేల మంది కూలారు, ఇంగ్లీషు పక్షాన చచ్చింది యాభైలోపు. తుపాకీ కథ నిజంగా తుపాకీ కథ అయింది ఇక్కడే, ఆ చివరి ముప్పై ఏళ్లలో. అదీ అన్ని చోట్లా కాదు: 1896లో ఆడ్వా దగ్గర ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ ముందుగానే కొని పెట్టుకున్న తుపాకులతో ఇటలీని చితక్కొట్టాడు.

మన్యపు జ్వరం సంగతి మనకూ తెలిసిందే. 1879 రంప పితూరీ అణచడానికి మైదానం నుంచి వెళ్లిన పటాలాలు మన్యంవాళ్ల బాణాలతో పాటు చలిజ్వరంతోనూ సతమతమయ్యాయి.

ప్రశ్న: చైనా నౌకాధిపతి జెంగ్ హ కొలంబస్ కంటే ఎన్నో రెట్లు పెద్ద నౌకాదళం నడిపాడు. మరి లోకాన్ని చైనా ఎందుకు గెలవలేదు? జపాన్ ఎలా తప్పించుకుంది?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గెలిచి ఏం చేసుకుంటుంది? జెంగ్ హ 1405 నుంచి 1433 దాకా ఏడుసార్లు బయల్దేరి మన కోళిక్కోడు, ఆఫ్రికా తీరం చూసి వెళ్లాడు. చైనాకు లేనిది అక్కడేదీ కనిపించలేదు. పైగా ప్రమాదం సముద్రం నుంచి కాదు, ఉత్తరాన మంగోలుల నుంచి. 1449లో వాళ్లు చక్రవర్తినే పట్టుకుపోయారు. ఉన్న డబ్బంతా ఆ సరిహద్దుకే పోయింది, అది తెలివితక్కువ పనేమీ కాదు. ఆకలితో ఉన్నవాడు వంటింటి వాసన పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. కడుపు నిండినవాడు అరుగు దిగడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్ల ఇనుప ఆవిరి ఓడ నెమెసిస్ చైనా నదుల్లోకి ఎదురెక్కి వచ్చినప్పుడు మాత్రం ఆ అరుగు పనికిరాలేదు. 1842లో హాంగ్‌కాంగ్ రాసిచ్చారు. ఆ యుద్ధానికి కారణమైన నల్లమందులో చాలా భాగం మన దేశపు పొలాల్లో పండిందని, యుద్ధంలో మద్రాసు సిపాయిలూ ఉన్నారని గుర్తుచేయడం నా విధి.

జపాన్‌కు రెండు మేళ్లు జరిగాయి. ఐరోపావాళ్లు ఎగబడేంత సంపద అక్కడ కనిపించలేదు. 1853లో అమెరికా ఓడలు వచ్చి రేవు తెరవమన్నప్పటికి చైనా గతి కళ్లముందుంది. 1868 తర్వాత వాళ్లు ఓడలు కొనడంతో ఆగలేదు. భూమి పన్ను నగదులోకి మార్చారు, నిర్బంధ సైనిక సేవ పెట్టారు, బ్యాంకులు, బడులు పెట్టారు. 1905లో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ముంచారు. అంతకు పదేళ్ల ముందే తైవాన్‌ను వలస చేసుకున్నారు, తర్వాత కొరియాను. వలస పాలన చేసే బుద్ధి తెల్లతోలుకే పుట్టిందనుకునేవాళ్లు ఈ ముక్క చదవాలి.

ప్రశ్న: దోచుకోవడానికే వచ్చినవాళ్లయితే కాటన్ దొర ఆనకట్ట ఎందుకు కట్టాడండీ?
– రైతు, రాజమహేంద్రవరం దగ్గర

జవాబు: కాటన్ మనసు మంచిదే. కానీ కంపెనీ డబ్బు మంజూరు చేసింది మనసు చూసి కాదు, లెక్క చూసి. 1832-33 డొక్కల కరువు, ఆ తర్వాతి ఏళ్ల తుపాన్లు, వరదలతో జిల్లాలో జనమూ తగ్గారు, శిస్తూ తగ్గింది. ఆనకట్ట కడితే శిస్తు ఎంత పెరుగుతుందో కాటన్ కాగితం మీద వేసి చూపించాడు. 1847లో పని మొదలై 1852కి ధవళేశ్వరం పూర్తయింది. గోదావరి బాగుపడింది, ఖజానా కూడా. రెండూ నిజమే, ఒకదానికోసం ఇంకోదాన్ని దాచక్కర్లేదు.

ప్రశ్న: హైదరలీ చనిపోయింది మా జిల్లాలోనే, నరసింగరాయనిపేట దగ్గర. ఆయనకు, టిప్పుకు కవాతు చేసిన పటాలాలున్నాయి, ఫ్రెంచి అధికారులున్నారు, కంపెనీవాళ్లనే హడలెత్తించిన తారాజువ్వల్లాంటి రాకెట్లున్నాయి. అయినా ఎందుకు ఓడిపోయారు? మీ లెక్క ఇక్కడ తప్పింది.
– చిత్తూరు పాఠకుడు

జవాబు: తప్పలేదు, ఇక్కడే రుజువైంది. ఈ దేశంలో కంపెనీ ఆట పూర్తిగా అర్థమైనవాళ్లు ఆ తండ్రీకొడుకులే. జాగీరుదార్లను పక్కకు నెట్టి శిస్తు నేరుగా వసూలు చేశారు, సిపాయికి జీతం ఖజానా నుంచి ఇచ్చారు. 1769లో మద్రాసు శివార్లకొచ్చి సంధి రాయించుకున్నాడు హైదరు. కంపెనీవాళ్లు నిజంగా భయపడింది వీళ్లకే.

కానీ టిప్పు వెనక ఒక్క మైసూరే ఉంది. కంపెనీ గవర్నరు జనరలు కారన్‌వాలిసు వెనక బెంగాలు శిస్తు ఉంది, బెంగాలు వెనక లండను రుణపత్రాలున్నాయి. అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర ఓడి లొంగిపోయిన కారన్‌వాలిసే ఈయన. ఒక యుద్ధం ఓడినా ఇంకో యుద్ధానికి సరిపడా డబ్బున్న రాజ్యం అది. 1791లో శ్రీరంగపట్టణం దాకా వెళ్లి, ఎడ్లు చచ్చి, తిండి లేక, బరువు ఫిరంగులు పగలగొట్టుకుని వెనక్కొచ్చాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాడు. ఈసారి వేల ఎడ్ల మీద ధాన్యం మోసుకొచ్చి అతని సేనను నిలబెట్టింది మన లంబాడీలు. రొక్కం ఇచ్చినవాడికి సరుకు దింపడం వాళ్ల తరతరాల వ్యాపారం. 1792 సంధిలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఇచ్చుకుని ఇద్దరు కొడుకులను తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆ దెబ్బకు సగం శిస్తు పోయింది. 1799లో కోట గోడ దగ్గర పోరాడుతూ పడిపోయిన టిప్పు అప్పటికి ఏడేళ్లుగా సగం ఆదాయంతో పూర్తి సేనను పోషించడానికి కిందా మీదా పడుతున్నాడు.

ఆ యుద్ధం, దాని తర్వాత మరాఠాలతో యుద్ధం చేసిన గవర్నరు జనరలు వెల్లస్లీ కంపెనీని అప్పుల్లో ముంచాడు. లండనులో డైరెక్టర్లు లబోదిబోమని 1805లో అతన్ని వెనక్కి పిలిపించారు. గెలిచిన భూములు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. ఆ అప్పుల వడ్డీ కట్టింది ఇక్కడి రైతు శిస్తులోంచే.